నాలుగు గీతలు, నాలుగు అడుగులు

ఆ ఆదివారం ఇస్నాపూర్‌లో మా మామ ఇంటికి వెళ్ళేసరికి ఆయన మంచం మీద కుడికాలు చాపుకుని కూర్చున్నాడు. చీలమండ చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. ఆ ఎరుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు కనిపిస్తోంది. క్రేప్ బ్యాండేజీ ఎంతమేర చుట్టాడో అంతమేరే కందింది. లోపలివైపు గుబ్బ పక్కన శనగగింజంత నీటిబొబ్బలు మూడు. పాదం బయటి అంచు వెంట కమిలిన నీలం చిటికెనవేలి దాకా దిగింది.

మామ పాశమైలారం షెడ్లలో 28 ఏళ్ళుగా ఫిట్టరు. గురువారం బీ షిఫ్టులో నిచ్చెన దిగుతుంటే చివరి మెట్టు తప్పి కాలు మడతపడింది. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోంచి నొప్పుల జెల్ ట్యూబొకటి తీసి చేతిలో పెట్టారు. అది రాసుకుని, బూటు బిగించుకుని, మిగిలిన షిఫ్టంతా నిలబడే పనిచేశాడు. ఇంటికొచ్చాక మళ్ళీ రాసి, మీద బ్యాండేజీ చుట్టి, ఇటుక వేడిచేసి గుడ్డలో కట్టి కాపడం పెట్టుకున్నాడు. శుక్రవారం ఆర్ఎంపీ దగ్గర సూది. శనివారం ఇంకో ట్యూబు. ఆదివారం పొద్దునకి బొబ్బలు.

మా అక్క బీఫార్మసీ చదివి పటాన్‌చెరులో మెడికల్ షాపు నడుపుతోంది. మామకూ అక్కకూ ఏ విషయంలోనూ పొసగదు. ఒకరంటే ఒకరికి ప్రాణం, అది వేరే సంగతి. ఆ సాయంత్రం ఇద్దరూ వాదించుకున్నది జ్ఞాపకమున్నంత మేర ఇక్కడ పెడుతున్నాను. దేశానికంతా మందులు తయారుచేసి పంపే ఊళ్ళు ఇవి. ఆ ఊళ్ళలోనే ఒక మనిషి మందు రాసుకోవడం తెలియక కాలు కాల్చుకున్నాడు. అది నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

మామ: చూడు బిడ్డా, మీ మందు చేసిన పని. కాలు మడతపడితే నాలుగొద్దులల్ల అదే సర్దుకునేది. గీ ట్యూబు రాసిన సంది తోలు ఊడుతున్నది.

అక్క: ట్యూబు ఒక్కదాన్నే అంటే ఎట్ల మామా? రాసినంక బ్యాండేజీ బిగించి కట్టినవ్. దాని మీద వేడి ఇటుక పెట్టినవ్. రాసిన మందు గాలికి ఆరాలె. నువ్వు మూతపెట్టి ఉడకబెట్టినవ్.

మామ: కాపడం పెట్టుడు తప్పా? మా అమ్మ వావిలాకు నీళ్ళల్ల మరిగించి కాపడం పెట్టేది. ఎవ్వరికీ బొబ్బలు రాలె.

అక్క: అమ్మమ్మ ఆ వావిలాకు కింద ఈ జెల్ రాయలేదు గదా. అసలు కొత్త దెబ్బకు మొదటి రెండు దినాలు వేడి పెట్టొద్దు, వాపు పెరుగుతది. మాలిష్ చేయొద్దు. గుడ్డల చుట్టిన ఐసు పావుగంట పెట్టి తీసెయ్యాలె. కాలు ఎత్తు మీద పెట్టి పండుకోవాలె. ఎంత రాసినవ్ మందు?

మామ: ఎంతంటే ఏం చెప్పాలె? నొప్పి ఉన్నకాడల్లా రాసిన. ఒక ట్యూబు ఒడిసింది, రెండోది సగమయింది.

అక్క: 30 గ్రాముల ట్యూబులు. మూడు దినాల్ల 45 గ్రాములు, అంటే దినానికి 15. చీలమండకు ఒకసారికి 2 గ్రాములు చాలు, దినానికి మూడు నాలుగు సార్లు. ఇటు చెయ్యి చాపు.

ఆమె మామ చెయ్యి పట్టుకుని చూపుడువేలు చాచింది. గ్రీజు నలుపు గోరంచుల్లో ఇంకిపోయిన వేలు అది. కొస నుంచి మొదటి కణుపు గీత దాకా తన గోటితో ఒక గీత గీసింది. మందు ఇంత పొడుగు పిండితే సుమారు అర గ్రాము. ఇలాంటివి నాలుగు గీతలైతే 2 గ్రాములు. మామ ఆ వేలునే కాసేపు చూసుకున్నాడు.

మామ: గింతనా? గింత రాస్తే నొప్పికి తెలుస్తదా?

అక్క: ఎక్కువ రాసినంత మాత్రాన ఎక్కువ లోపలికి పోదు మామా. తోలు తాగేదే కొంచెం. మిగిలింది ప్యాంటుకు, బొంతకు, నీళ్ళకు.

మామ: మరి రాయంగనే చల్లగైతది, వెంటనే సురసుర మంటది. మందు పనిచేస్తున్నదని గదా దానర్థం?

అక్క: అదే అందరూ పొరబడేది. ట్యూబు వెనక ఏం రాసిందో విను. డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం, మిథైల్ సాలిసిలేట్ 10 శాతం, మెంథాల్ 5 శాతం, అవిసె నూనె కొంచెం. నీకు చల్లగా తగిలేది మెంథాల్. సురసుర మనేది సాలిసిలేట్. అసలు మందు డైక్లోఫెనాక్. దానికి చల్లదనం లేదు, మంట లేదు, పనిచేస్తుంటే నీకు తెల్వనే తెల్వదు. అది లోపలికి పోయి ప్రోస్టాగ్లాండిన్లు తయారుగాకుండ ఆపుతది. దెబ్బ తగిలినకాడ వాపు, నొప్పి పుట్టించేటివి అవే. ఆస్పిరిన్ గూడ అట్లనే పనిచేస్తదని 1971ల జాన్ వేన్ అనే ఆయన కనిపెట్టిండు. 1982ల నోబెల్ ఇచ్చిన్రు. నీకు కాలు కాలింది మెంథాల్, సాలిసిలేట్ వల్ల. కట్టు, వేడి తోడైనయి. ఇట్ల పైపూతలతోని తోలు కాలిన 43 కేసులు చూసి అమెరికా ఎఫ్‌డీఏ 2012లనే హెచ్చరిక ఇచ్చింది. రాసినంక బిగించి కట్టొద్దు, వేడి పెట్టొద్దు, బొబ్బ కనపడితే ఆపెయ్యండి అని.

మామ: అమెరికోళ్ళకు చెప్పిన్రు సరే. నాకెవరు చెప్పిన్రు? గా ట్యూబు మీది అక్షరాలు నాకు ఆనవు. ఆనినా అది ఇంగ్లీషు.

ట్యూబు అందుకుని చూశాను. అక్షరాలు నువ్వుగింజలో సగం ఉన్నాయి. కొంత భాగం మడతలో పోయింది. పాశమైలారంలో ఈ ట్యూబు కొనేవాడి ఊరు ఏ ఒడిశాలోనో, బిహార్‌లోనో, నారాయణఖేడ్ పక్క తండాలోనో ఉంటుంది. కొనేవాడి భాషలో, కొనేవాడి కంటికి ఆనేటట్టు రెండు వాక్యాలు రాసిపెట్టడం అంత ఖర్చుతో కూడిన పనా? మామ అడిగినదానికి అక్క దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క మాటకి మాత్రం ఆమె తల వంచుకుంది.

మామ: బామ్‌లు మాకు కొత్తగాదు బిడ్డా. మా నాయిన అమృతాంజనం సీసా దేవుని పటం ఎన్క దాచేటోడు. అది రాసుకుని ఎవ్వరూ ఇంత గోస పడలె.

అక్క: పూసేటిదంతా ఒకటే అనుకునుడు అక్కడి నుంచే వచ్చింది మామా. బామ్ తలనొప్పికి, జలుబుకు. ఇది వాపు తగ్గించే మందు. గోలీల ఉండే మందే దీంట్ల గూడ ఉన్నది. దీనికి లెక్క ఉన్నది, దినాల లెక్క గూడ ఉన్నది.

(కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే 1908లో అక్కడే ఆంధ్రపత్రిక పెట్టారు. నొప్పికి రాసే పూత ఒక భాషకు పత్రిక పెట్టిందంటే పైపూత మన ఇళ్ళల్లో ఎంతగా కలిసిపోయిందో తెలుస్తుంది. ఆ చనువు వల్లనే ప్రతి ట్యూబునూ బామ్ అనుకుంటాం.)

మామ: లెక్క తోని రాస్తే మాత్రం పనిచేస్తదని ఏం నమ్మకం? సూది అయితే అర్ధగంటల తెలుస్తది.

అక్క: పనిచేస్తది. బెణుకులకు, కండ పట్టుకున్నదానికి ఇసుమంటి జెల్ మీద చేసిన పరీక్షలన్నిటినీ కాక్రేన్ అనే సంస్థ 2015ల ఒక్కకాడ చేర్చి చూసింది. డైక్లోఫెనాక్ ఎమల్జెల్ రాసుకున్న వందమందిల 78 మందికి వారంలోపల నొప్పి సగానికి సగం తగ్గింది. మందు లేని ఉత్త జెల్ రాసుకున్నోళ్ళల్ల 20 మందికే తగ్గింది. 2020ల అమెరికా డాక్టర్ల సంఘాలు రెండు గలిసి, నడుము నొప్పి గాక మిగిలిన చిన్న దెబ్బలకు మొట్టమొదలు ఇచ్చేటిది ఈ పైపూతనే అని తేల్చినయి. గోలీకన్నా ముందు, సూదికన్నా ముందు.

మామ: ఉత్త జెల్‌కు గూడ 20 మందికి తగ్గిందంటివి. అంటే దెబ్బ దానికదే మానుతది గదా?

అక్క: కొందరికి మానుతది. కాదంటలేను.

మామ: ఇగ నా మాట విను. వాపు ఎందుకొస్తది? కాలు కదిలియ్యకు అని ఒళ్ళు చెప్తది. నొప్పి గూడ గదే. గురువారం నాడు ఆ ట్యూబు రాయకపోతే నేను రెండు గంటలు నిలబడేటోణ్ణి గాదు. కూలబడేటోణ్ణి. అప్పుడు ఇంటికన్న తోలేటోళ్ళు. ట్యూబు రాసిన్రు, నా నొప్పి నోరు మూసిన్రు, నాతోని ఫ్లాంజులు బిగిపిచ్చిన్రు. నాకు తోలు కాలిందని కోపం లేదు బిడ్డా. ఆ రెండు గంటలు నా కాలు మీద నేనే నిలబడ్డ, గదీ కోపం.

అక్క వెంటనే ఏమీ అనలేదు. మంచం కింద బోర్లించి ఉన్న మామ బూట్లు తీసి పక్కన పెట్టింది. కుడి బూటు లోపలి అంచున జెల్ ఎండి తెల్లటి పొర కట్టింది.

అక్క: నీ మాటల నిజమున్నది. 2019ల బ్రిటిష్ వైద్య పత్రికల ఇద్దరు ఫిజియోలు గూడ అదే రాసిన్రు. దెబ్బ తగిలిన కండరం, కీలు కట్టు మానేటందుకు ఆ వాపు గూడ కొంత అవసరం, వాపు తగ్గించే మందులు ఎక్కువ వాడితే మానుడు ఆలస్యం గావచ్చు అన్నరు. ఆ వాదం ఇంకా తెగలేదు. అందుకే నేను ఎవరికిచ్చినా వారం దినాలే అంటా. రెండు వారాలు దాటి బెణుకుకు ఈ జెల్ రాస్తుంటే అది బెణుకు గాదు, ఇంకేదో. డాక్టరుకు చూపెట్టాలె.

మామ: అంటే నేను చెప్పిందే గదా.

అక్క: సగం. పనిచేపిచ్చినోళ్ళ తప్పు ట్యూబు మీద పెడుతున్నవ్. ట్యూబు రాసి ఇంట్ల పండుకుంటే అది మందు. ట్యూబు రాసి నిచ్చెన ఎక్కితే అది మోసం. అదే ట్యూబు మామా, రెండుకాడ్ల గూడ.

మామ: నేనేమన్న కావాలని ఎక్కిన్నా?

ఈ ప్రశ్న దగ్గర వాదన ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. అక్కకి అసలు కోపం సూది మీద.

అక్క: ఆర్ఎంపీ ఏం సూదేసిండు?

మామ: నొప్పి సూది. రెండు గోలీలు గూడ ఇచ్చిండు, పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి.

అక్క: సూది డైక్లోఫెనాక్. గోలీ చూపెట్టు... ఇది గూడ డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపి. పైన రాసేది డైక్లోఫెనాక్. ఒకే మందు మూడు తొవ్వలల్ల పోయింది. జెల్ రాస్తే రక్తంల చేరేది గోలీ మింగినప్పుడు చేరేదాంట్ల సుమారు 6 శాతమే. అందుకే జెల్ నయం అంటున్న. కడుపుల పుండు, మూత్రపిండాలకు దెబ్బ, బీపీ పెరుగుడు, ఇవన్నీ గోలీతోని ఎక్కువ. నువ్వు చెమట కారేకాడ పనిచేస్తవ్, నీళ్ళు సరిగ తాగవు. ఒంట్ల నీళ్ళు తక్కువున్నప్పుడు ఈ మందు మూత్రపిండాలకు రక్తం తగ్గిస్తది. నీకు బీపీ గోలీ గూడ ఉన్నది. మూడూ కలిస్తే ఏమయితదో నీకెవరన్న చెప్పిన్రా?

మామ: సూదితోని ఎవడు సచ్చిండు బిడ్డా?

అక్క: రాబందులు సచ్చినయి.

మామ తల ఎత్తాడు. తర్వాత ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే పెడతాను.

మామ: మా చిన్నప్పుడు ఊరవతల ఎద్దు సచ్చి పడితే రాబందులు దిగేటియి. నలభై, యాభై. మెడలు బోడిగ ఉండేటియి. దగ్గరికి పోతే రెక్కలు చాపి ఎగిరితే దుమ్ము లేచేది. గంటల్ల ఎముకలే మిగిలేటియి. మేం రాళ్ళేసేటోళ్ళం. ఆ తర్వాత ఎప్పుడు పోయినయో తెల్వది. కనపడుడు బందయింది. అవి పోయింది దీంతోనా?

అక్క: దీంతోనే. 1990లల్ల పశువులకు నొప్పికి, జ్వరానికి ఇదే సూది ఏసేటోళ్ళు, అగ్గువకు దొరికేది. సూదేసినంక సచ్చిన పశువును తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి, యూరిక్ ఆమ్లం లోపల సున్నం లెక్క పేరుకుని సచ్చేది. 2004ల పాకిస్తాన్ల చేసిన పరిశోధనతోని బయటపడింది. అప్పటికే మన దేశంల నూటికి 95కు పైగా పోయినయి. 2006ల పశువులకు ఈ మందు బంద్ చేసిన్రు. అయినా మనుషులకు అమ్మే పెద్ద సీసాలు తెచ్చి పశువులకు ఏస్తుంటే, 2015ల మనిషి సూది 3 మిల్లీలీటర్ల కన్నా పెద్దది ఉండొద్దన్నరు. నేను షాపుల అమ్మే సూది సీసా అంత చిన్నగ ఎందుకుంటదో అడిగితే నేను చెప్పే కథ ఇదే. ఆ తర్వాత మన రాష్ట్రంల రాబందులు చూడాలంటే ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల పాలరాపు గుట్ట దాకా పోవాల్సి వచ్చింది.

మామ: నేను రాబందును గాదు గదా.

అక్క: గాదు. రాబందుకు ఇది విషం, మనిషికి మందు. కానీ మూత్రపిండాలు నీకూ ఉన్నయి.

మామ: మరి నీ జెల్ మాత్రం ఎటు పోతది? తోలు 6 శాతమే తాగుతదంటివి. మిగిలింది నీళ్ళకే అంటివి. నక్కవాగుల కలిసేటియి చాలయినయని దీన్ని గూడ కలుపుతున్నమా?

మామ ఈ మాట అన్నాక అక్క ముఖంలో మెచ్చుకోలు కనిపించింది. ఎదుటివాడు తన లెక్కనే తనమీదికి తిప్పినప్పుడు సంతోషించేవాళ్ళు కొందరుంటారు. మా అక్క అలాంటిది.

నక్కవాగు ఈ ప్రాంతంలో పుట్టినవాళ్ళందరికీ నోటికొచ్చిన పేరు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్ళు మోసుకుని మంజీరలో కలిసే వాగు అది. డాక్టర్ కిషన్‌రావు గారు ఈ వాగు కోసం దశాబ్దాలు పోరాడారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది ఆ తగవు. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో, ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో ఒక్కో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల నీరు అక్కడికి చేరేది. అంత మందు నీళ్ళల్లో అంతకుముందు ప్రపంచంలో ఎక్కడా కనపడలేదు. ఫ్యాక్టరీలు వదిలేదాని ముందు ఒక ఫిట్టరు కాలి మీది జెల్ ఏపాటిది, నిజమే. అయినా మామ అడిగిన ప్రశ్న సరైనదే.

అక్క: డైక్లోఫెనాక్ మామూలు మురుగు శుద్ధితోని సరిగ పోదు. యూరప్ వాళ్ళు 2015ల నీళ్ళల్ల కనిపెట్టి ఉండవలసిన మందుల పట్టీల దీన్ని పెట్టిన్రు. అందుకే రాసినంక చేతులు వెంటనే కడగొద్దు. ముందు పాత పేపరుతోని తుడిచి, ఆ పేపరు చెత్తల ఏసి, ఆ తర్వాత కడుగు. రాసిన జాగ గంట దాకా తడవొద్దు. స్నానం చేసినంక రాసుకుంటే ఇంకా మంచిది.

మామ: కడగకుంటనే బువ్వ తింటే?

అక్క: అది అసలు వద్దు. చేతితోని తినే మనుషులం మనం. కంట్ల పెట్టుకున్నోళ్ళు గూడ నా షాపుకు వస్తరు, మండుతున్నదని ఏడుస్తూ. దెబ్బ చేతికే తగిలితే రాసినంక గంట ఆగి కడుగు. గ్లౌజు మాత్రం తొడగొద్దు. రబ్బరు గ్లౌజు నీ బ్యాండేజీ లెక్కనే పనిచేస్తది. మందుల కంపెనీ పోరగాళ్ళు మణికట్టుకు రాసి, మీద గ్లౌజు, సూటు ఏసుకుని ఎనిమిది గంటలు ఉంటరు. వాళ్ళకు గూడ ఇట్లనే కందుతది.

మామ: తెగిన దానికి?

అక్క: తెగిన తోలుకు, గీరుకుపోయినదానికి, కాలినదానికి రాయనే రాయొద్దు. యాసిడ్ పడ్డదని ట్యూబు అడిగినోళ్ళున్నరు మామా. యాసిడ్ పడితే ఇరవై నిమిషాలు నల్లా కింద పెట్టుడే మందు. ఆ తర్వాత దవాఖాన. ఆస్పిరిన్ పడనోళ్ళకు, ఆ గోలీలతోని ఆయాసం వచ్చేటోళ్ళకు వద్దు. గుండెకు వార్‌ఫరిన్ మింగేటోళ్ళు ఈ సాలిసిలేట్ ఉన్నది అడగకుంట రాయొద్దు, రక్తం మరీ పలచనయితది. ఐదో నెల దాటిన కడుపుతోని ఉన్నోళ్ళకు డాక్టరు చెప్పందే ఇయ్య. పిల్లలకు ఇయ్య. పోయిన నెల ఒకామె ఐదేండ్ల పిల్లకు కావాలన్నది. లేదని పంపిన. పక్క షాపుల కొనుక్కున్నది.

చివరి వాక్యం చెప్పేటప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గింది. ఔషధాలు చదువుకున్న మనిషి కౌంటరు వెనక నిలబడి ఇలా ఎన్నిసార్లు ఓడిపోతుందో బయటివాళ్ళకు తెలియదు.

మామ: సరే, వారం దినాలు పండుకో అంటున్నవ్ గదా. నాగా పడితే ఎవలిస్తరు? కాంట్రాక్టరు కింద ఉన్నోణ్ణి. నాలుగొద్దులు పోకపోతే నా జాగల ఇంకొకడు నిచ్చెన ఎక్కుతడు. నువ్వు మందు లెక్క చెప్తవ్. మా లెక్క వేరే ఉంటది.

అక్క: నీకు ఈఎస్ఐ కోస్తున్నరు గదా?

మామ: కోస్తున్నరు. జీతం చీటిల ఉంటది.

అక్క: కాంట్రాక్టు అయినా ఈఎస్ఐ ఈఎస్ఐనే. పనిల తగిలిన దెబ్బకు డాక్టరు పనికి పోవద్దని రాస్తే, ఆ దినాలకు కూలిల 90 శాతం ఇయ్యాలె. దెబ్బ తగిలిన దినం గాక మూడు దినాలన్న పనికి పోలేకపోవాలె, అంతే. కొత్తగ చేరినోడైనా వస్తది. కానీ దెబ్బ పనిల తగిలిందని యాక్సిడెంట్ బుక్కుల ఉండాలె. రాసిన్రా?

మామ: ట్యూబు ఇచ్చిన్రు.

చాలాసేపు ముగ్గురం మాట్లాడలేదు. ఫ్యాను మూలిగే శబ్దం, బయట హైవే మీద లారీల మోత. ఆ రెండు పదాల్లో మామ వాదన అంతా ఉంది. అక్క దానికి ఎదురు చెప్పలేదు. ట్యూబు ఇస్తే బుక్కులో రాయనక్కర్లేదు. బుక్కులో రాయకపోతే దెబ్బ తగలనట్టే. మంచి మందును ఇంత సులువుగా చెడ్డపనికి వాడొచ్చని ఆమె చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు.

కాసేపటికి ఆమె లేచి మామ కాలు దగ్గర కింద కూర్చుంది.

అక్క: లేచి నాలుగు అడుగులు వెయ్యి మామా. గోడ పట్టుకోకుండ.

మామ లేచాడు. ఒకటి, రెండు కుంటుతూ వేశాడు. మూడోది వేశాడు. నాలుగోది వేసేటప్పుడు మంచం పట్టె మీదికి చెయ్యి పోయింది గానీ పట్టుకోలేదు.

అక్క: మంచిది. గురువారం గూడ ఇట్లనే నడిచినవా?

మామ: నడిచిన. అంతకన్నా మంచిగ నడిచిన, ట్యూబు రాసినంక.

ఆమె మళ్ళీ కూర్చోబెట్టి, చీలమండ రెండువైపుల గుబ్బల వెనక అంచున బొటనవేలితో నొక్కింది. కందిన చోట తగలకుండా జాగ్రత్తగా. మామ ముఖం మారలేదు. పాదం లోపలి వంపున నొక్కింది. మారలేదు. చివరికి బయటి అంచు మధ్యలో, చిటికెనవేలి ఎముక వెనక్కి వచ్చి ఆగేచోట, నీలం ముదిరిన దగ్గర నొక్కింది. మామ కాలు వెనక్కి లాక్కున్నాడు.

అక్క: రేపు ఎక్స్‌రే తీయాలె.

మామ: బెణుకుకు ఎక్స్‌రే ఏంది?

అక్క: బెణుకో కాదో తెల్వనీకే. కెనడాల ఒటావా డాక్టర్లు 1992ల కట్టిన లెక్క ఇది. నాలుగు అడుగులు వెయ్యలేకపోయినా, గుబ్బల వెనక ఎముక మీద నొప్పి ఉన్నా, పాదం మీది ఈ రెండు జాగలల్ల ఎముక నొక్కితే నొప్పి పెట్టినా ఎక్స్‌రే తీయాలె. ఏదీ లేకపోతే దాదాపు అక్కర్లేదు. నీకు ఇక్కడ ఉన్నది. ఇది మొదటి దినమే చూడాల్సింది మామా. నొప్పి తెల్వకుండ చేసి నిచ్చెన ఎక్కిపిచ్చిన్రు. నువ్వన్నది ఇదే గదా. ఈ ఒక్క మాట నీదే.

మామ: ఒప్పుకున్నవా?

అక్క: ఈ ఒక్కటి. జెల్ చిన్న దెబ్బకు. దెబ్బ చిన్నదో కాదో చూసినంకనే జెల్. నేను గూడ షాపుల అడగకుండానే ఇస్తున్న, నిజం చెప్పాలంటే. ఎట్ల తగిలింది, నడుస్తున్నవా అని అడగాలె. రద్దీల అడగను.

ఆ రాత్రి గోలీలు ఆపించింది. బీపీ గోలీ ఒక్కటి ఉంచింది. నొప్పి ఎక్కువైతే పారాసిటమాల్ ఒక్కటే, అది కూడా కలిపిన గోలీ కాకుండా. బొబ్బలు చిదమకుండా చల్లటి నీళ్ళతో కడిగి, పొడిగుడ్డ వదులుగా వేసింది. కాలి కింద రెండు దిండ్లు పెట్టింది. మిగిలిన సగం ట్యూబు తన సంచిలో వేసుకుంది. బొబ్బలు మాని, ఎక్స్‌రే బాగుందంటే తిరిగి ఇస్తానంది.

సోమవారం పొద్దున నేనే బండి మీద రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. కీలు కట్టు సాగిందన్నారు. పది రోజులు బరువు మోయొద్దు, నిచ్చెన ఎక్కొద్దు. చీటీ తీసుకుని బయటికొచ్చి వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. మామ ఆ చీటీని రెండుసార్లు తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఫోను తీసి సూపర్‌వైజరుకు చేశాడు.

“గురువారం బీ షిఫ్టుల నిచ్చెన మీద కాలు మడతపడ్డది సార్. బుక్కుల రాయున్రి.”

అవతల ఏమన్నారో నాకు వినిపించలేదు. మామ చాలాసేపు విన్నాడు. నొప్పి ఉన్న కాలును నెమ్మదిగా బెంచీ మీదికి ఎత్తి పెట్టుకున్నాడు.

“ట్యూబు ఇచ్చిన్రు సార్, నిజమే. రాసినంక పేజీ ఫోటో తీసి పంపున్రి.”